తెర మీద పడ్డ మాట

"దయచేసి నన్ను ఎడమవైపు తిప్పండి," అన్నాడు వెండెల్.

ట్వైలా చేతిలో దుప్పటి చేతిలోనే ఉండిపోయింది. ముప్ఫయ్యొక్క ఏళ్ళుగా పొద్దున్నే ఈ మంచం పక్కన నిలబడుతోంది. తమ్ముడు "సిస్సీ, తిప్పు" అన్నాడు. "నీ చేతులు మంచుగడ్డలు, రాక్షసీ" అన్నాడు. కోపం వస్తే ఇంకా చాలా అన్నాడు. అండీ అని మాత్రం ఎన్నడూ అనలేదు.

"ఎవర్ని అంటున్నావ్, అండీ గిండీ అని?"

"సహాయకులతో మర్యాదగా మాట్లాడాలి. ఆ శిక్షణ పుస్తకం రాసింది నేనే."

"నేను నీ సహాయకురాల్ని కాదు. అక్కని."

"అక్క అయితే నిన్న ఆ మాట అనేది కాదు. దయచేసి ఎడమవైపు."

తిప్పింది. భుజం కింద ఒక చెయ్యి, తుంటి కింద ఒక చెయ్యి. నడుములో ఎప్పటి నొప్పి ఎప్పటిలాగే పలకరించింది. వీపు మీద ఎర్రబడిన చోటేమైనా ఉందేమోనని చూసింది. లేదు. ఉంటే ఇంకో గొడవయ్యేది.

నిన్న రాష్ట్ర రాజధాని చార్ల్‌స్టన్ నుంచి ఇంటికి మూడు గంటల ప్రయాణం. వ్యాను నడుపుతున్నంతసేపూ ఆమె అద్దంలోంచి వెనక్కి చూస్తూనే ఉంది. వెనక చక్రాల కుర్చీలో వెండెల్ కళ్ళు మూసుకుని ఉన్నాడు. నిద్రపోలేదని ఆమెకు తెలుసు. నిద్రపోతే నోరు తెరుస్తాడు.

జరిగింది ఇంతే. వికలాంగులు ఎవరిళ్ళల్లో వాళ్ళు, తమ ఇష్టప్రకారం బతకడానికి రాష్ట్రం ఏం చెయ్యాలో మూడేళ్ళకోసారి ఒక ప్రణాళిక రాస్తారు. రాసే మండలికి వెండెల్ ఉపాధ్యక్షుడు. నిన్న దాని మీద బహిరంగ విచారణ. చెవిటివాళ్ళ కోసం ఒకమ్మాయి మూల కూర్చుని, మైకులో ఏ మాట పడితే ఆ మాట టకటకా టైపు చేస్తుంటే, గోడంత తెర మీద అక్షరాలు పడుతుంటాయి. వెండెల్‌కి చేతులు ఆడవు కాబట్టి చిన్న మైకు చొక్కా కాలరుకి తగిలిస్తారు. తగిలించేదీ, కట్టేసేదీ ట్వైలాయే.

మధ్యాహ్న విరామంలో మూత్రం సంచి ఖాళీ చెయ్యడానికి అతన్ని పక్కగదిలోకి తీసుకెళ్ళింది. మైకు కట్టెయ్యడం మర్చిపోయింది. ఇన్నేళ్ళలో ఒక్కసారి.

టైపు చేసే అమ్మాయి చెవులకి హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సాండ్‌విచ్చి తింటూ కూడా వినబడ్డది వినబడ్డట్టు కొట్టుకుంటూ పోయింది. దాన్ని అనడానికేముంది, దాని పని అది. చిన్నప్పటి నుంచీ బబ్ అని పిలుచుకునే తమ్ముడితో పక్కగదిలో ట్వైలా అన్నదాన్ని అరవైమంది భోజనాలు చేస్తూ తల పైకెత్తి చదువుకున్నారు.

"నా వల్ల కాదు బబ్. నువ్వు అక్కడ స్వతంత్రం గురించి చెబుతున్నంతసేపూ నేను నీ సంచి నిండుతోందేమోనని చూస్తూ నుంచున్నా. లారెల్ నాబ్ హోముకి ఫోన్ చేశాను. సెప్టెంబర్లో ఒక మంచం ఖాళీ అవుతుందన్నారు."

ఆ అరవైమందిలో సగం మంది, వికలాంగుల్ని ఉంచి చూసుకునే అలాంటి హోముల్లో ఏళ్ళూ పూళ్ళూ గడిపి బయటపడ్డవాళ్ళే. ఆ మనుషుల ముందు అంతకన్నా చెడ్డ మాట ఇంకోటి లేదు. వాళ్ళిద్దరూ హాల్లోకి తిరిగొచ్చేసరికి ఎవరూ ప్లేటు ముట్టుకోవడం లేదు. అందరూ వెండెల్ వంక చూసి, వెంటనే చూపు తిప్పేసుకున్నారు. ట్వైలాకి తల కొట్టేసినట్టయింది.

ఇవాళ అతన్ని కుర్చీలో కూర్చోబెట్టి, వంటింట్లో బన్నుల్లాంటి బిస్కట్లు చిదిపి, మీద పాల గ్రేవీ పోసి తెచ్చింది. చెంచా నోటి దాకా పెట్టింది. రెండు ముద్దలు తిన్నాడు.

"చాలండి."

"ఇంకోసారి అండీ అన్నావంటే ఈ గిన్నె నీ నెత్తి మీద బోర్లిస్తా."

"మంచిది. తుడవాల్సింది కూడా మీరే."

ఆమెకి నవ్వొచ్చింది. రాకూడని సమయంలో వచ్చింది. అతని పెదవి కూడా ఒక్క క్షణం వంకర పోయింది. అంతలోనే సర్దుకున్నాడు.

"ఎప్పుడు చేశావ్ ఫోన్?" ఈసారి మామూలు గొంతుతోనే అడిగాడు.

"మే నెల్లో. కేలీన్ మానేసిన వారం."

కేలీన్ అతనికి చివరి సహాయకురాలు. గోదాములో పెట్టెలు మోసే పనికి వెళ్ళిపోయింది. మనిషిని లేపడం కన్నా పెట్టెల్ని లేపడం తేలికట. ఆ తర్వాత ముగ్గురు వస్తామన్నారు. ఒక్కరూ కొండెక్కి రాలేదు.

"నాకు చెప్పలేదేం?"

"చెబితే ఉపన్యాసం ఇస్తావు కదా."

"ఉపన్యాసం కాదది. తన ఇంట్లో తను బతకడం మనిషికి హక్కు."

"హక్కే. కాదన్నానా? ఆ హక్కుని పొద్దున్న ఆరింటికి లేపేదెవరు? ఒళ్ళు తుడిచేదెవరు? బట్టలేసి, కుర్చీలో కూర్చోబెట్టి, చార్ల్‌స్టన్ దాకా మోసుకెళ్ళి మైకు తగిలించేదెవరు? నీ హక్కుకి కాళ్ళూ చేతులూ నావి, బబ్."

వెండెల్ కిటికీ వైపు చూశాడు. పందొమ్మిదో ఏట రాళ్ళ క్వారీ నీళ్ళలోకి దూకినప్పుడు మెడ విరిగింది. అప్పటి నుంచి కోపం వస్తే లేచి వెళ్ళిపోయే వీలు లేదు. కళ్ళు తిప్పుకోవడమే అతని తలుపు వేసుకోవడం.

"నన్ను పంపించెయ్యాలనుకున్నావ్," అన్నాడు చివరికి.

"నేను పడుకోవాలనుకున్నా. ఒక్క వారం. ఎవర్నీ ఎటూ తిప్పకుండా ఒక్క వారం. అంతకుమించి ఏమీ అనుకోలేదు."

"వారం కోసం హోములో మంచం చూస్తారా ఎవరైనా?"

"వారానికి ఎవరిస్తారో నువ్వే చెప్పు! రాష్ట్రం మొత్తానికి ప్రణాళిక రాస్తున్నావ్ కదా, చెప్పు!"

గ్రేవీ చల్లారి మీద మీగడ కట్టింది. ఆమె గిన్నె తీసుకెళ్ళి తొట్టిలో పెట్టింది. కడగబుద్ధి కాలేదు.

పదకొండింటికి వాకిట్లో వ్యాను ఆగింది. కుర్చీ దిగే మెట్టు కిర్రుమంటూ కిందికి వాలింది. మిడ్జ్ కట్‌లిప్.

మండలికి అధ్యక్షురాలు మిడ్జ్. అరవై ఎనిమిదేళ్ళ మనిషి. పుట్టుకతోనే కండరాల మీద పట్టు లేదు. పదకొండేళ్ళు హోములో ఉండి, పోట్లాడి బయటికొచ్చి, ఇప్పుడు సొంత గదిలో రెండు పిల్లులతో ఉంటోంది. మాట ఒక్కొక్కటీ కష్టపడి బయటికొస్తుంది. తెలిసినా సరే, ఆమె మాటని ఎవరూ అందుకుని పూర్తి చెయ్యకూడదు. ఎంతసేపైనా ఆగి వినాలి. అది ఆ మనుషుల మధ్య మర్యాద.

ఆమె ఈతపండు రంగు చక్రాల కుర్చీ ఇంటి ర్యాంపు ఎక్కి లోపలికి రావడం చూసి వెండెల్ ముఖంలో రంగొచ్చింది. హోముల పేరెత్తితే నిప్పులు కక్కే మనిషి. తన పక్షానే వచ్చిందనుకున్నాడు. ట్వైలా కూడా అలాగే అనుకుంది. నిలబడ్డ చోటే చేతులు ఏప్రానుకి తుడుచుకుంటూ ఉండిపోయింది.

"మిడ్జ్ గారూ, నిన్నటి దానికి... ఏం చెప్పాలో నాకు తెలీడం లేదు."

"కాఫీ... ఉందా... తల్లీ?"

ఉంది. పొడుగాటి స్ట్రా వేసి ఇచ్చింది. మిడ్జ్ తాపీగా తాగింది. తన కుర్చీకి వేలాడుతున్న సంచీ వైపు గడ్డంతో చూపించింది. ట్వైలా అందులోంచి కాగితాలు తీసి బల్ల మీద పెట్టింది. నిన్నటి విచారణలో తెర మీద పడ్డ ప్రతి మాటా అచ్చులో. ముప్ఫై ఎనిమిదో పేజీలో ఆమె మాటలు. కింద బ్రాకెట్లో ‘నిశ్శబ్దం’ అని ఉంది.

"ప్రణాళికతో పాటు... ఇది కూడా... జతపడుతుంది," అంది మిడ్జ్. "కానీ ట్వైలా... సాక్ష్యం ఇవ్వడానికి... రాలేదు. అందుకని... తన ఇష్టం. ఉంచమంటే ఉంచుతాం. తియ్యమంటే... తీసేస్తాం. సాయంత్రంలోగా... చెప్పాలి."

"ఇందులో అడిగేదేముంది?" అన్నాడు వెండెల్. "తీసెయ్యండి. విరామంలో మాట అది. రేపు పై ఆఫీసువాళ్ళు ఈ పేజీ చేత్తో పట్టుకుని, చూశారా, ఉపాధ్యక్షుడి ఇంట్లోనే ఈ బతుకు సాగడం లేదు, వీళ్ళంతా హోముల్లో ఉంటేనే మంచిది అంటారు. మూడేళ్ళ పని ఏట్లో కలుస్తుంది. అవునా, కాదా?"

మిడ్జ్ తల ఊపింది. "అనొచ్చు."

"మరి?"

"నిన్న... మీరు వెళ్ళిపోయాక... నలుగురు... నా దగ్గరికొచ్చారు. ఒకావిణ్ణి... వాళ్ళమ్మ చూసుకుంటుంది. ఒకతన్ని... భార్య. ఆ మాట... మా ఇంట్లో కూడా... ఉంది, ఎవరూ... పైకి అనడం లేదు... అన్నారు."

మిడ్జ్ ఊపిరి తీసుకుని మళ్ళీ మొదలెట్టింది.

"అబ్బాయ్. పోయిన వసంతంలో... చిత్తులో... ఒక అంశం ఉంది. గుర్తుందా?"

వెండెల్ చూపు కిటికీ వైపు పోయింది.

"ఏ అంశం?" అంది ట్వైలా.

"ఇప్పుడదెందుకు, మిడ్జ్ గారూ."

"ఏ అంశం బబ్?"

మిడ్జ్ చెప్పింది. చెప్పడానికి చాలాసేపు పట్టింది. సహాయకులు రాని రోజున, మానేసిన వారాన, పిలవగానే వచ్చేలా వికలాంగులకి ఇళ్ళల్లో బతకడానికి సాయపడే ప్రతి కేంద్రం దగ్గరా నలుగురు బదులు మనుషుల్ని ఉంచాలని చిత్తులో రాసుకున్నారు. ఇంటివాళ్ళు మోస్తున్న చోట వాళ్ళకి ఏడాదికి రెండు వారాలు విడుపు ఇవ్వాలని కూడా అందులోనే రాసుకున్నారు. అన్నీ చెయ్యడానికి డబ్బు చాలదని తేలింది. ఒకటి తియ్యాలి. ఇది తీసేద్దామన్నది ఉపాధ్యక్షుడు.

ట్వైలా కుర్చీ లాక్కుని కూర్చుంది.

"నువ్వా తీసేసింది?"

"రెండిట్లో ఒకటే మిగిలేది సిస్సీ." పొద్దుటి నుంచి మొదటిసారి ఆ పిలుపు వచ్చింది. "హోముల్లో ఉన్నవాళ్ళని బయటికి తీసుకురావడమా, ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి బదులు మనుషుల్ని పెట్టడమా అని. హోముల్లో వాళ్ళకి ఎవరూ లేరు. ఇళ్ళల్లో ఉన్నవాళ్ళకి ఎవరో ఒకరు ఉన్నారు కదా అనుకున్నాను."

"ఎవరో ఒకరు."

"నీ గురించి కాదు నేనన్నది."

"మరెవరి గురించి? పొద్దున్నే నీ పళ్ళు తోమేది ఎవరో ఒకరా? పోయిన చలికాలం నాకు నూట మూడు జ్వరం ఉంటే పాక్కుంటూ వచ్చి నిన్ను తిప్పింది, అది కూడా ఎవరో ఒకరేనా?"

"గొంతు తగ్గించు. మిడ్జ్ గారున్నారు."

"ఉండనీ! నిన్న అరవైమంది చదివారు. ఇవాళ ఒకరు వింటే ఏమైంది?"

వెండెల్ చెంపలు ఎర్రబడ్డాయి. "నా గురించి రాసుకుంటే సొంత ఇంటికోసం రాసుకున్నాడంటారు. అది కూడా ఆలోచించాను. ఉపాధ్యక్షుడు తన అక్కకి సెలవులు రాసుకున్నాడని అనిపించుకోవడం నాకిష్టం లేదు."

"నీ పరువు కోసం నా నడుం పణం పెట్టావన్నమాట."

"అలా కాదు."

"మరెలా?"

తప్పు చేశాడా అంటే, పాపం, ఊరందరి న్యాయం చూశాడు. ఇంట్లో మనిషిని లెక్కలోకి తీసుకోకపోవడమే న్యాయమనుకున్నాడు. ఇలాంటి మంచివాళ్ళతో కలిసి బతకడం మహా కష్టం.

మిడ్జ్ కాఫీ పూర్తి చేసింది. ట్వైలా వంక చూసింది. తొందర పెట్టలేదు.

"ఇది ఉంచితే ఆ అంశం మళ్ళీ లోపలికొస్తుందా?" అడిగింది ట్వైలా.

"చెప్పలేను... తల్లీ. కేంద్రాల వాళ్ళు... సగానికి పైగా... సంతకాలు పెట్టాలి. కానీ... ఈ పేజీ లేకుండా... అడగడానికి... నాకు... ఆధారం లేదు."

"హోము పేరు కూడా ఉండిపోతుందా? మంచం సంగతీ?"

"అన్నీ."

"నేను చెడ్డదాన్నని రాష్ట్రమంతా చదువుకుంటారు."

"అలిసిపోయావని... చదువుకుంటారు. నేను... పదకొండేళ్ళు... అలాంటి మంచం మీద ఉన్నా. నన్ను అక్కడ పెట్టింది... మా అమ్మ. తనకి... వారం రోజులు... ఎవరూ ఇవ్వలేదు." మిడ్జ్ గొంతు వణికింది. అది జబ్బు వణుకో, మరొకటో చెప్పడం కష్టం. "చాలాకాలం... తిట్టుకున్నా... తనని."

ట్వైలా కాగితం దగ్గరికి లాక్కుంది. తన మాటలు తనే మరోసారి చదువుకుంది. అచ్చులో చూస్తే ఎవరో కఠినాత్మురాలు అన్నట్టే ఉన్నాయి. అయినా అందులో అబద్ధం ఒక్కటీ కనిపించలేదు.

"ఉంచండి," అంది.

"సిస్సీ."

"ఉంచండి మిడ్జ్ గారూ. కామా కూడా తియ్యొద్దు."

ఏ గీత దగ్గర సంతకం చెయ్యాలో మిడ్జ్ చూపించింది. ట్వైలా సంతకం పెట్టింది. ర్యాంపు దాకా వెళ్ళి సాగనంపింది. వ్యాను మలుపు తిరిగాక కూడా కాసేపు వాకిట్లోనే నిలబడింది. గెలిచానన్న సంతోషం ఎక్కడన్నా ఉందేమోనని తన లోపల వెతుక్కుంది. నిద్ర తప్ప ఏమీ తగల్లేదు.

లోపలికొచ్చేసరికి వెండెల్ కుర్చీ వంటింట్లో గోడ ఫోను కిందికి చేరింది. గడ్డంతో మీట నొక్కుతూ తనే వెళ్ళాడు.

"నువ్వు మాట ఉంచమన్నావ్. మంచిది. దానికి జవాబు చెప్పాల్సింది నేను. నిన్న చెప్పలేకపోయాను. నంబరు కలుపు."

"ఎవరికి?"

"లారెల్ నాబ్‌కి."

ట్వైలా గుండె తేలికపడింది. ఆ మంచం అక్కర్లేదని చెప్పడానికి. వాళ్ళని నాలుగు కడిగెయ్యడానికి కూడానేమో. కడిగెయ్యనీ. ఆ తర్వాత ఇద్దరూ కూర్చుని చిక్కుడుగింజలూ మొక్కజొన్న రొట్టే తింటారు, సాయంత్రానికి మళ్ళీ తనని రాక్షసీ అంటాడు. మే నెల్లో ఒక కాగితం వెనక రాసుకున్న నంబరు చూసి కలిపింది. ఫోను అతని చెవికి ఆనించి పట్టుకుంది.

ఈ కొండల్లో సెల్‌ఫోన్లు పలకవు, గోడ ఫోనే గతి. అతను ఫోన్లో ఉన్నంతసేపూ పట్టుకున్న ఆమె చెయ్యి అతనిదే లెక్క. ఆ చేతికి చెవులుండకూడదు, నోరుండకూడదు, మధ్యలో పెట్టెయ్యడం అసలే కూడదు. ఆ నియమం అతను పెట్టింది కాదు, మొదటి ఏడాదే ఆమె తనంతట తను పెట్టుకుంది. మాట పూర్తికాకుండా ఎవరైనా ఫోను లాగేస్తే తమ్ముడికి ఎలా ఉంటుందో అప్పట్లో ఒకసారి చూసింది.

"నా పేరు వెండెల్ హాచర్. సెప్టెంబర్లో మంచం ఖాళీ అవుతుందన్నారట. ఇంకా ఉందా?"

అవతల ఆడగొంతు గట్టిగానే వినిపిస్తోంది. ఉందండీ, ఎవరి కోసం?

"నా కోసమే. రాసుకోండి."

ట్వైలా చెయ్యి కదిలింది. అతను తల కొంచెం వంచి చెవిని ఫోనుకి ఇంకా ఆనించాడు.

"బబ్, ఏం చేస్తున్నావ్?" అంది. నియమం తప్పింది.

"మనిషి తన సంగతి తనే నిర్ణయించుకోవాలి. అదే కదా నేను ఊరూరా చెప్పేది," అన్నాడు ఆమెతో. గొంతులో నిష్ఠూరం లేదు. ఉంటే బావుండేది, ఎదురు తిట్టడానికి వీలుండేది. "నీ వారం నేనే తీసేశాను. నేనే ఇస్తున్నా." తర్వాత ఫోనులోకి, "క్షమించండి, చెప్పండి," అన్నాడు.

పుట్టిన తేదీ అడిగింది అవతలి ఆడగొంతు. చెప్పాడు. మెడ విరిగిన సంవత్సరం చెప్పాడు. తనంతట తను తినగలడా అంటే, లేదన్నాడు. తనంతట తను తిరిగి పడుకోగలడా అంటే, లేదన్నాడు. ఇరవై ఏళ్ళుగా ఏ ప్రశ్నలు మనిషిని అడగకూడదని ఊరూరా పోట్లాడాడో, అవన్నీ వరసగా అడుగుతుంటే దొరగారిలా జవాబులు చెబుతున్నాడు.

మండలి ఉపాధ్యక్షుడు హోములో చేరితే ప్రణాళిక ఏమవుతుందో ట్వైలాకి తెలుసు. అతనికింకా బాగా తెలుసు. కానీ ఆమెకి ఆ క్షణాన ప్రణాళిక గుర్తుకు రాలేదు. అక్కడ పొద్దున ఆరింటికి వీణ్ణి ఎడమవైపు ఎవరు తిప్పుతారు, చేతులు వెచ్చచేసుకుని తిప్పుతారా లేదా అన్నదొక్కటే గుర్తొచ్చింది. వద్దని అరవాలనుంది. నిన్న తనే అడిగిన దాన్ని ఇవాళ వద్దనడానికి ముఖం చెల్లలేదు.

"చివరిదండీ," అంది ఫోనులో ఆడగొంతు. "దగ్గరి బంధువు పేరు, ఫోన్ నంబరు. రాత్రీ పగలూ ఏ అవసరమొచ్చినా పిలుస్తాం, అందుకని."

వెండెల్ కళ్ళెత్తి అక్క వంక చూశాడు. ఉబ్బిన కళ్ళు, చెదిరిన జుట్టు, ఫోను పట్టుకుని పైకెత్తిన చెయ్యి. అంతా చూశాడు.

"ఎవరూ లేరండీ," అన్నాడు. "అలాగే రాసుకోండి. ఎవర్నీ పిలవక్కర్లేదు."